బందరు సీమలో వేటతుపాకి: మన కమ్మరుల పరీక్ష

మన సంఘ వార్షిక మహాసభా సంచికలయందు విశ్వకర్మ వంశోత్పత్తిని గూర్చియు, పంచబ్రహ్మల గోత్రప్రవరలను గూర్చియు, దేవాలయ శిల్పమును గూర్చియు పండితులు వ్రాసిన వ్యాసములు ఏటేట వెలువడుచునే యున్నవి. అవి వ్రాయదగినవే. మేమును వ్రాసితిమి. ఈ యేడు మాత్రము కొంచెము దిగివచ్చి, మోటువిషయముగా నెంచబడు దాని నొకదానిని చేపట్టితిమి. బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతములలో సామాన్యుడగు రైతు తన తాహతునకు దగిన వేటతుపాకిని ఎట్లు ఎంచుకొనుచుండెను, ఆ యెంపికలో మన కమ్మరివాని మాటకు ఎంత విలువ యుండెను, ఆ మాట చెప్పువారు ఎట్లు లేకపోయిరి అనునదియే యిచ్చటి ప్రస్తావము.

తుపాకి యనగానే మనవారిలో ననేకులు శుక్రనీతిని చేతబట్టుదురు. అందు లఘునాలిక, బృహన్నాలిక యని రెండు విధముల యగ్నియంత్రములు వర్ణింపబడిన మాట నిజమే. లఘునాలిక యైదు జేనల పొడవు గల గొట్టమనియు, దాని రెండు కొనలయందును గురిచూచుటకు తిలప్రమాణమగు బిందువు లుండవలెననియు, యంత్రము కొట్టగా రాతినుండి నిప్పు రాలవలెననియు, కఱ్ఱతో మడమ అమర్పవలెననియు అందున్నది. సురేకారము, గంధకము, బొగ్గు కలిపి అగ్నిచూర్ణము చేయు విధమును గలదు. మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో సంస్కృతాచార్యుడుగా నుండిన గుస్టావ్ ఓప్పర్టు 1880లో దీని నాధారముగా జేసికొని, ప్రాచీన హిందువులకు తుపాకులు తెలియునని ఒక గ్రంథము వ్రాసెను. 1882లో శుక్రనీతి మూలమును అచ్చువేయించెను. అది మొదలు మన సభావేదికలపై ఈ మాట ప్రతిధ్వనించుచునే యున్నది.

మేమును ముప్పదియేండ్లు తరగతిలో పిల్లలకు అదే చెప్పితిమి. చెప్పిన తప్పును ఒప్పుకొనుట పెద్దతనమునకు లోటు కాదు గనుక ఇచ్చట ఒప్పుకొనుచున్నాము. ఆ వర్ణనలోనే దాని వయస్సు దాగియున్నది. యంత్రము కొట్టగా రాతినుండి నిప్పు రాలుట యనగా చెకుముకి తుపాకియే కదా. అట్టి చెకుముకి యంత్రము క్రీస్తుశకము 17వ శతాబ్దిలో గాని లోకమున వ్యాపింపలేదు. అంతకుముందు సైనికులు నిప్పుత్రాటిని రంజకమునకు అంటించి కాల్చుచుండిరి. 1962లో లల్లన్‌జీ గోపాల్ అను పండితుడు శుక్రనీతి 19వ శతాబ్దినాటి రచన యని విపులముగా నిరూపించెను. కావున మన కమ్మరుల కీర్తికి ఆ గ్రంథమును పునాదిగా వేయుట ఇసుకపై గోడ పెట్టుట వంటిది. వారి కీర్తికి వేరే యాధారము లున్నవి. అవి చూపవలెననియే మా ప్రయత్నము.

తుపాకి యను మాటయే తురుష్క భాషనుండి పారసీకము మీదుగా మనకు వచ్చినది. వస్తువును అట్లే వచ్చినది. 1520లో శ్రీకృష్ణదేవరాయలు రాయచూరు కోటను ముట్టడించినప్పుడు క్రిస్టొవావ్ డి ఫిగరెదో అను పోర్చుగీసువాడు తన తుపాకివాండ్రతో రాయలకు తోడ్పడెనని న్యూనిజ్ వ్రాసెను. బందరు రేవునకు డచ్చివారు 1605లోను, ఆంగ్లేయులు 1611లోను వచ్చి వర్తకశాలలు పెట్టిరి. వారి యోడలలో తుపాకులు వచ్చినవి. మన రేవునుండి అద్దకపు బట్టలు పోయినవి. వానితోపాటు ఇనుమును ఉక్కును పోయినవి. మధిరకు సమీపముననున్న నాగులవంచలో డచ్చివారు వర్తకశాల నిలిపినది ఆ ప్రాంతపు సరకుల కొఱకే. గోలకొండ రాజ్యపు ఉక్కు పారసీక దేశమునకు పోయి మేలైన కత్తులగుచున్నదని ఫ్రెంచి వర్తకుడగు టావెర్నియే వ్రాసెను. నిజామాబాదు సీమలోని కోనసముద్రమున మూసలలో ఉక్కు తీయు విధమును డాక్టరు వాయిసీ కన్నులార చూచి వ్రాయగా, అది 1832లో ప్రకటింపబడినది.

ఇచ్చట ఒక భ్రమను తొలగింపవలెను. పాత విలాయతి తుపాకుల గొట్టములపై నీటిఅలల వంటి చారలు గల వానిని డమాస్కసు గొట్టము లందురు. అవి మన కోనసముద్రపు ఉక్కుతో చేసినవని మనవారిలో ఒక వాడుక యున్నది. ఆ మాట కత్తులకు చెల్లును గాని ఈ తుపాకులకు చెల్లదు. ఆ గొట్టములు ఇనుప, ఉక్కు పట్టీలను పెనవేసి, ఇరుసుకమ్మికి చుట్టి, కొలిమిలో కాచి అతికినవి. బర్మింగుహాములోను, బెల్జియము దేశపు లియేజ్ నగరములోను తయారైనవి. పేరు ఒకటే, పని వేఱు. పేరు చూచి మురిసి కొన్నవాడు మోసపోవుట ఎట్లో ముందు చెప్పెదము.

1759 ఏప్రిలులో కర్నలు ఫోర్డు ఫ్రెంచివారినుండి బందరు కోటను గెలుచుకొనుట, సలాబతుజంగు సంధి మున్నగునవి చరిత్రపాఠములలో చదివినవే. యుద్ధముల తుపాకులు వేఱు, పొలముగట్టు తుపాకి వేఱు. రెండవదానికి కథ 1855 తరువాత మొదలగును. బెజవాడ ఆనకట్ట 1852లో ఆరంభమై 1855లో ముగిసెను. కాలువలు గుడివాడ మీదుగాను, దివిసీమలోనికిని పారినవి. పచ్చికబీళ్లు, తుమ్మడొంకలు వరిచేలైనవి. పైరు పెరిగినచోట పైరును తిను జీవమును పెరుగును. దివిలోని నాగాయలంక, కోడూరు ప్రాంతములందు మడఅడవుల అంచునుండి అడవిపందులు రాత్రులందు చేలలో పడుచుండెను. గుడివాడకు ఉత్తరముననున్న కొల్లేటినుండి పరజలు, ఎఱ్ఱచిలువలు గుంపులుగా కోతకు వచ్చిన వరిపై వ్రాలుచుండెను. మడికట్లలో ఉల్లంకిపిట్టలు. కావున తుపాకి అచ్చట జమీందారుని విలాసము మాత్రమే గాక రైతు పనిముట్టును ఐనది.

ఆ పనిముట్టును బాగుచేయువాడు కమ్మరి. సానగ గోత్రీకులగు మనువంశీయులు నాగలికఱ్ఱుతోపాటు తుపాకి సుత్తిని, కమానును సరిచేసిరి. విరిగిన గజమునకు బదులు క్రొత్తది కొట్టిరి. 1878లో వచ్చిన ఆయుధచట్టము దీనినంతయు మార్చెను. లైసెన్సు లేక ఆయుధమును తయారుచేయుటయు, మార్చుటయు, అమ్ముటయు నేరమాయెను. ఐరోపావారికి ఆ చట్టమునుండి మినహాయింపు ఉండెను. మన కొలిమికి లేకపోయెను. రైతునకు పంటకాపుదలకై లైసెన్సు దొరకెడిది. తుపాకి చేయు కమ్మరికి దొరకుట దుర్లభము. బీహారులోని ముంగేరును చూడుడు: 1760 ప్రాంతమున మీర్ కాసిం అచ్చట ఆయుధశాల నిలిపినందున ఆ విద్య కుదురుకొని, తరువాతి కాలమున లైసెన్సు గల చిన్న కర్మాగారములుగా నిలిచినది. మన సీమలో అట్టి కుదురు లేదు. మనవాడు చేయువాడుగా నుండక చూచి చెప్పువాడుగా మిగిలెను. ఆ చూచి చెప్పుట యందే వాని విద్య యంతయు దాగెను.

మా మేనమామగారు అట్టివారు. బందరులో లైసెన్సు గల యొక తుపాకుల దుకాణమున మేస్త్రిగా నుండిరి. 1971 వేసవిలో, మాకు పండ్రెండవ యేట, సెలవులకు వారింట నుండి, ప్రొద్దుట అమరకోశము వల్లించి మధ్యాహ్నము దుకాణములో కూర్చుండెడివారము. మేము చూచినదే వ్రాయుచున్నాము.

ఆ కాలమున స్వల్ప ధనము గల రైతు ఎదుట మూడు దారులుండెను. అన్నిటికంటె చవుక మూతినుండి మందు కూరు నాటుతుపాకి. 1959 చట్టము సయితము పంటకాపుదలకు దానిని ప్రత్యేకముగా పేర్కొన్నది. అది పందిని బెదరించును. రెండవ వేటు వేయులోపల పంది ఊరు దాటును. రెండవది క్రొత్త స్వదేశపు ఏకనాళి: వెనుక విరిచి తూటా పెట్టునట్టిది, నగిషీ లేనిది, మొరటుగా నుండునది. మూడవది చేతులు మారిన విలాయతి జోడుగొట్టపు తుపాకి. కంటికి ఇంపైనది ఇదియే. ధరయందును క్రొత్త జోడుగొట్టముకంటె చాల తక్కువ. ఎక్కువమంది దీనికే మోహపడుచుండిరి.

పండ్రెండు బోరు అనగా నేమో చాలమంది యెఱుగరు. ఒక పౌను సీసమును పండ్రెండు సమానమైన గుండ్లుగా పోసినయెడల ఒక్కొక్క గుండు ఎంత లావుండునో, గొట్టపు కన్నము అంత యుండునని యర్థము. అనగా ఇంచుమించు 18.5 మిల్లీమీటర్లు. పదియాఱు బోరైన పదియాఱు గుండ్లు గనుక కన్నము సన్నమగును. అంకె పెరిగినకొలది గొట్టము చిన్నదగుట చూచి క్రొత్తవారు తికమక పడుదురు. కొల్లేటి పక్షికైనను దివి పందికైనను పండ్రెండే చాలునని మామగారి మతము. తూటాలు అన్నిచోట్ల దొరకునది అదియే. పక్షికి సన్న గుళ్ల తూటా, పందికి పెద్ద గుండ్ల తూటా, తుపాకి ఒకటే.

ఇక వారి పరీక్ష. తుపాకిని విప్పి గొట్టములను వేఱుచేసి, వ్రేలికి తగిలించి, గోటితో మీటెడివారు. రెండు గొట్టముల నడుమ అతుకు గట్టిగా నున్నచో గుడిగంటవలె మ్రోగును; అతుకు వదలినచో పగిలిన కుండ వలె నుండును. తరువాత గొట్టమును కిటికీవైపు పట్టి లోన పడు వెలుగు వలయములను చూచెడివారు. వలయము గుండ్రముగా నున్న గొట్టము సొట్టలేనిది. ఉప్పుగాలి తగులు బందరులో లోపల తుప్పుగుంట లేని పాత గొట్టము అరుదు. గుంటలు కొసయందున్న కొంత సహించెడివారు, తూటా కూర్చుండుచోట నున్నచో ఎంతమాత్రము సహింపరు. ఆ మీదట తుపాకిని కూర్చి మూసి, గొట్టపు వెనుకకును దాని కానియుండు ఇనుప ముఖమునకును నడుమ దీపము పట్టి చూచెడివారు. సందునుండి వెలుగు వచ్చెనా, తుపాకి కీలు అరిగినదన్నమాట. సుత్తిని సగమెత్తి బొటనవ్రేలితో నొక్కెడివారు. అది జారెనా, గట్టుదాటునప్పుడు మనిషిని చంపును. కడపట కొనువానిని కన్నులు మూసి మడమ భుజమున కానించుమని, పిమ్మట కన్నులు తెఱువుమనెడివారు. చూపు గొట్టము వెంబడి సూటిగా పోవలెను. పోకున్నచో మడమ వానికి సరిపడలేదు. వేయి రూపాయల తుపాకియైనను వానికి అది కఱ్ఱయే.

అన్నిటికంటె ముఖ్యమైనది వేఱొకటి గలదు. తూటా కూర్చుండు గది గొట్టపు కన్నముకంటె కొంచెము వెడల్పు. ఆ రెండును కలియుచోట మెడవలె సన్నగిలును. పాత విలాయతి తుపాకులలో ఆ గది 65 మిల్లీమీటర్ల పొడవు. తరువాతి తుపాకులలో 70. తూటాపై వేయు 70 అను అంకె, అది ప్రేలి మూతి విచ్చుకొన్న తరువాతి పొడవు. ప్రేలకముందు మూతి ముడిచియుండును గనుక పొట్టిగా నుండి, పాత గదిలో సైతము సుఖముగా దూరును. దూరినది గదా యని కాల్చినయెడల, విచ్చుకొను మూతికి చోటులేక మెడలోనికి చొచ్చి, గుళ్లదారిని ఇఱుకు చేయును. లోని ఒత్తిడి పెరుగును. గొట్టము మంచిదైనను ప్రమాదము కలదు. ఆ గొట్టము నల్లమందు కాలపు డమాస్కసు గొట్టమైనచో చెప్పనేల! నల్లమందు మెల్లగా త్రోయును; పొగరాని మందు ఒత్తిడి వేఱు తీరుది. 20వ శతాబ్ది యారంభమునుండి విలాయతిలో పొగరాని మందుతో పరీక్షించిన గొట్టములపై ఆ గుర్తు వేయుట కలదు. ఆ గుర్తు లేనిదానిని మామగారు చేత ముట్టరు.

ఆ వేసవిలోనే నాగాయలంక వైపునుండి ఒక రైతు వచ్చెను. లంకపొలము నాలుగెకరములు, పందుల బాధ, లైసెన్సు క్రొత్తగా మంజూరైనది. అతడు ఎవరి యింటనో చూచిన బెల్జియము జోడుగొట్టపు తుపాకిని పరీక్షకై తెచ్చెను. పలకలపై ఎగురు బాతులు చెక్కియుండెను, గొట్టములపై అలలు.

“ఆచారిగారూ, చూడండి, మన పెద్దల పనిలా ఉంది గదా. ధర కూడా నాకు అందుబాటులోనే ఉంది” అని అతడనెను.

మామగారు మీటిరి, వెలుగు చూచిరి, వేలుపెట్టి గది పొడవు అంచనా కట్టిరి. “అందంగా ఉందండీ. కాని మీకు వద్దు. ఈ డబ్బుతో ఆ ఒంటిగొట్టపుది తీసుకోండి” అని మూలనున్న మొరటు ఏకనాళిని చూపిరి.

రైతు మొగము చిన్నబోయెను. ఆ ఏకనాళి దుకాణమువారి సరకు. ఆ జోడుగొట్టపుది పరునిది. ఆ సంగతి మామగారికిని తోచెను. మరల రెట్టించినచో దుకాణము లాభమునకై చెప్పుచున్నాడని యనుకొనునేమో యను బిడియము వారిని పట్టుకొనెను. గది పొట్టి యనియు, పొడవు తూటా పెట్టవలదనియు ఒక్కమారు చెప్పి యూరకుండిరి. రైతు తలయూపి వెడలెను. జోడుగొట్టపు తుపాకినే కొని లైసెన్సులో వ్రాయించుకొనెను.

రెండేండ్లకు అతడు మరల వచ్చెను. ఎడమచేతికి రెండు వ్రేళ్లు లేవు. గొట్టము గది మెడయొద్ద చీలి రేకువలె విచ్చుకొనియుండెను. తెలిసినవాడొకడు ఇచ్చిన పొడవు తూటాలు వాడితినని అతడే చెప్పెను. మామగారు ఒక్క మాటయు ననలేదు. ఆ రాత్రి భోజనమునకు లేవలేదు. “రెండోసారి చెప్పవలసింది” అని అత్తయ్యతో ననుట మేము వింటిమి. ఆ తరువాత వారు మద్దికఱ్ఱతో ఒక కొలబద్ద తరిణె పట్టిరి. రెండుకొనలును గది వెడల్పునకు సరిపడునవి. ఒక కొనయందు 65, రెండవ కొనయందు 70 గుర్తులు. గదిలో దూర్చినచో మెడయొద్ద ఆగును. ఎచ్చట ఆగునో ఎంతటి చదువురాని వానికైనను కనబడును. అది మొదలు కొనువాని చేతనే దూర్పించి, వానిచేతనే అంకె చూపించెడివారు. చెప్పిన మాట మరచిపోవచ్చును, చేత చూచినది మరువరని వారి తలంపు.

1977 నవంబరు 19వ తేదీ ఉప్పెన దివిసీమను ముంచెత్తిన కథ ఈ సంచిక చదువు పెద్దలకు చెప్పనక్కఱలేదు. పదుల సంఖ్యలో గ్రామములు తుడిచిపెట్టుకొని పోయెను. చనిపోయినవారు వేలకు వేలు. కొన్ని వారముల తరువాత ఉప్పునీట నానిన తుపాకులు దుకాణమునకు వచ్చెను. అప్పటికి మాకు పదునెనిమిదేండ్లు, సాయము చేసితిమి. ఉప్పునీరు తగిలిన ఇనుమునకు నూనె పూయుట తొందరపాటు. ఉప్పు లోన నిలిచి నూనెక్రిందనే తినివేయును. ముందు మంచినీట, పిమ్మట సలసల కాగు నీట కడిగి, వేడిమికి తడియారిన తరువాతనే నూనె. నల్లమందు మసికిని ఇదే మందు, ఏలన దాని మడ్డియు ఉప్పువంటిదే, తేమను లాగును. మడమలు ఉబ్బి చీలినవి. గొట్టములు కొన్ని దక్కినవి. కొన్ని తుపాకులను సొంతదారులు తేలేదు, బంధువులు తెచ్చిరి. వారికి లైసెన్సు లేదు, బాగుచేయించు కోరికయు లేదు. పోలీసువారికి అప్పగింపవలె నని మాత్రము తెలియును. మామగారు వానిని కూడ కడిగి నూనె వేసియే యిచ్చిరి. కూలి తీసికొనలేదు.

వేట కథ అంతటితో ముగియవచ్చెను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము మొదట కొన్ని జంతువుల వేటను లైసెన్సుపై అనుమతించినను, 1991 సవరణ ఆ ద్వారమును మూసెను. దివి మడఅడవులు 1989లో కృష్ణా అభయారణ్యములో చేరినవి. కొల్లేరు 1999లో అభయారణ్యమైనది. ఇది మంచికే జరిగెనని మా యభిప్రాయము. జోడుతుపాకులతో పరజలను గంపలకు గంపలుగా కూల్చిన వారిని మేము చూచితిమి. అది తిండికై చేసిన వేట యనుటకు నోరు రాదు. పైరుపై పడు పందుల బాధ మాత్రము నిజము; దానికి నేడు అధికారుల అనుమతి వలయును. కావున చవుకలో వేటతుపాకి ఏది కొనవలెనని నేడెవరైన మమ్మడిగినచో, వేటకై కొనవలదనియే చెప్పుదుము. ఇంట తాతలనాటి తుపాకి యున్నవారికి మాత్రము ఒక మాట: లైసెన్సు వారసుని పేర మార్పించుకొనుడు, 2019 సవరణతో ఒక్కొక్కరికి రెండు తుపాకులే పరిమితి, లైసెన్సు గడువు అయిదేండ్లు. లైసెన్సు గల మేస్త్రి చూచి చెప్పనిదే దానిలో తూటా పెట్టవలదు.

ఆ మేస్త్రు లెచ్చట? మామగారి తరువాత వారి కుమారులలో ఎవ్వరును ఆ పని పట్టలేదు. చిలకలపూడిలో బంగారుపూత నగల పని పెరిగినందున చేయి సన్ననివారందరు అటు పోయిరి. తప్పనలేము, అన్నము అచ్చట నున్నది. దేవాలయములు కట్టిన మనవారి పేర్లు శాసనములలో దొరకును. ఊరికొలిమిలో సుత్తి సరిచేసినవాని పేరు ఎచ్చటను లేదు. ఈ మహాసభ వారు ప్రతి గ్రామ శాఖకును వ్రాసి, అట్టి పెద్దల పనిముట్లు, వారు నోటితో చెప్పిన పరీక్షలు ఉన్నంతవరకు సేకరింపవలెనని మేము కోరుచున్నాము. తీర్మానముగా పెట్టినను సరియే.

మా వంతుగా మద్దికఱ్ఱ కొలబద్దను సంఘకార్యాలయమున నొప్పగించితిమి. ఒక కొన కొంచెము చిట్లినది. 65, 70 అని మామగారు కత్తిమొనతో గీసిన అంకెలు ఇంకను తెలియుచునే యున్నవి.